పన్నెండో మంచం కొలత

ఎదుటి మనిషి మేలు కోరి చెప్పిన అబద్ధాన్ని దేవుడు తప్పు కింద లెక్కేస్తాడా, లేదా? చాలా ఏళ్ళుగా నన్ను వదలని సందేహం ఇది. మా అమ్మ చివరి నెలంతా నేను రోజూ “నీకేం కాదమ్మా, లేచి తిరుగుతావు” అన్నాను. మొదట్లో తలాడించేది. తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. చివరి వారం నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రార్థనకు కూర్చున్నప్పుడల్లా నాకు ఆ వీపే గుర్తొస్తుంది.

మా ఆయన పరుపులు కుట్టేవారు. పరుపు సగం అయ్యాక కొనేవాళ్ళనే కొట్టుకు రమ్మని, దాని మీద పడుకోబెట్టి, నడుం కింద అరచెయ్యి దూర్చి చూసేవారు. ఆ చెయ్యి చెప్పినట్టే దూది పెంచడమో తగ్గించడమో చేసేవారు. “మనిషిని చూడకుండా పరుపు కుట్టేవాడు బస్తాలు కుట్టుకోవచ్చు” అనేవారు.

ఆయనకు కాలేయం చెడిందని తెలిసిన ఆరు నెలలకు డాక్టరు నన్నూ మా మరిదినీ పక్కకు పిలిచాడు. మందులు ఇక పనిచేయవన్నాడు. ఊరి చివర హాస్పిస్ ఉందని, అక్కడ జబ్బు నయం చేయరు గాని నొప్పి లేకుండా చూసుకుంటారని చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగితే, రెండు నెలలు దాటవన్నాడు. దేవుడింకా ఏ మాటా చెప్పకముందే మనం ఆశ వదులుకోవచ్చా అని నా మనసు పీకింది. కానీ నొప్పికి ఆయన పళ్ళ బిగువుకి దుప్పటి అంచు చిరిగిపోతుంటే ఎన్నాళ్ళని చూడను?

ఆయన్ని ఒప్పించడమే కష్టం. తన స్నేహితుడైన ఒక వడ్రంగిని వాళ్ళింటివాళ్ళు అక్కడ చేర్చినప్పుడే ఎగిరిపడ్డారు. “చేతులు దులుపుకునేవాళ్ళు మనిషిని అక్కడ దింపి వస్తారు. నేను మాత్రం ఈ గడప దాటను” అన్నారు.

“హాస్పిస్ నుంచి ఆర్డరొచ్చిందని చెబుదాం వదినా,” అన్నాడు మరిది. “పన్నెండు మంచాలకు పరుపులు కావాలన్నారని. పనంటే అన్నయ్య పాడె మీంచైనా లేచొస్తాడు.” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

అలా, అమ్మతో చేసిన పనే మళ్ళీ చేశాను.

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, జేబులో కొలత టేపుతో ఆటో ఎక్కారు. దారిలో ప్రతి గతుకుకీ కళ్ళు మూసుకున్నారు. హాస్పిస్‌లో పెద్ద గది, రెండు వరసల మంచాలు. మొదటి మంచం నుంచి మొదలుపెట్టారు. టేపు చివర నన్ను పట్టుకోమని కొలిచి, ఒక్కొక్కరి నడుం కిందా చెయ్యి దూర్చి చూశారు.

ఐదో మంచం మీదున్న రిటైరైన బస్సు కండక్టరు నవ్వాడు. “సీట్లు కొలుస్తున్నావా బావా? నిలబడే ప్రయాణం లేదులే ఇక్కడ.”

“బావేంటి?” అన్నారు ఈయన.

“ఈవిణ్ణి చెల్లెమ్మా అనాలనిపించింది. మరి నువ్వు బావవే కదా.”

“ఇక్కడ ఎలా ఉంటుంది?”

“అన్నం చప్పగా ఉంటుంది. ఫ్యాను కిర్రుమంటుంది. ఒక్కటే సుఖం. ‘నీకేం కాదు’ అనేవాడు ఒక్కడూ ఉండడు.”

నా చేతిలోంచి టేపు జారింది. ఆయన వంగి తీయబోతే నేనే తీశాను.

పన్నెండో మంచం ఖాళీగా ఉంది. ఆయన దాన్నీ కొలుస్తుంటే నర్సమ్మ వచ్చింది. మేమాడిన నాటకం ఆమెకెవరూ చెప్పలేదు. “ఇది మీదేనండి, పొద్దున్నే సర్దాం,” అంది. మంచం చివర తగిలించిన కాగితం మీద ఆయన వయసు, జబ్బు రాసి ఉన్నాయి.

ఆయన టేపును నెమ్మదిగా వేలికి చుట్టుకున్నారు. నర్సమ్మ వెళ్ళేదాకా ఆగి, నా ముఖంలోకి చూశారు.

“డాక్టరు ఎన్నాళ్ళన్నాడే?”

‘మీకేం కాదు’ అన్న మాట అలవాటుగా నాలిక చివరికి వచ్చేసింది. అమ్మ వీపు కళ్ళ ముందు మెదిలింది. ఈయన కూడా అటు తిరిగిపోతే ఇక నాకు మిగిలేదేమిటి?

“రెండు నెలలు దాటవన్నాడండీ.”

ఆయన మంచం మీద కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే, “పరుపుల ఆర్డరుకి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు ఎవడే పిచ్చిదానా?” అన్నారు.

“తెలిసే వచ్చారా? రానన్నారుగా?”

“రాకూడదనే అనుకున్నాను. కానీ ఇంట్లో ఆరు నెలలుగా ఒక్కణ్ణే ఉన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు, కాదనను. నాకు తెలిసింది నీతో అనలేను, నీకు తెలిసింది నువ్వనవు. ఇక్కడికొస్తేనైనా నీ నోట ఆ ముక్క వస్తుందేమోనని వచ్చాను.” మంచాన్ని అరచేత్తో నొక్కి చూశారు. “పరుపు దరిద్రంగా ఉంది. అయినా ఉంటాను.”

మందుతో నొప్పి తగ్గింది. నేను రోజూ ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ఇంట్లో నా చెప్పుల చప్పుడు నాకే వినబడేది. ఇద్దరికీ బియ్యం కడిగేసి, తర్వాత సగం తీసి ఆరబెట్టిన రోజులున్నాయి.

కొన్నాళ్ళకు ఆయన మరిదిచేత దూది నింపిన పరుపొకటి తెప్పించుకున్నారు. నర్సమ్మ ఏమీ అనలేదు. మంచం మీదే ఒరిగి, దూది కదలకుండా రోజుకు మూడు ముడులు, ఓపికుంటే నాలుగు వేసేవారు. దబ్బనం దిగకపోతే కండక్టరు వచ్చి లాగేవాడు. ఎవరికని అడిగితే “ఆర్డరు” అనేవారు. కండక్టరుకేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నాకు జ్వరంగా ఉండి హాస్పిస్‌కి వెళ్ళలేదు. మరిది ఆ పరుపును భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, మేమిద్దరం పడుకునే మంచం మీద పరిచాడు. మంచం సగానికే వచ్చింది.

పెళ్ళైన కొత్తలో ఆయన నాకు కొత్త పరుపు కుడతానని మాటిచ్చారు. కుట్టిన ప్రతిసారీ ఎవరో తొందరపడుతూ వచ్చేవారు. “ముందు వాళ్ళకిచ్చేద్దాం, మనకి వచ్చే నెల” అనేవారు. ముప్పై ఆరేళ్ళు ఆ వచ్చే నెల రాలేదు. పాత పరుపుల దూదితో అతుకులేసిన దాని మీదే ఇద్దరం పడుకున్నాం.

“కొలత తప్పావేమో మరిదీ,” అన్నాను.

మరిది తల వంచుకున్నాడు. “నేనూ అడిగాను వదినా. ఇంతే కుట్టాలన్నాడు.”

అతను వెళ్ళిన కాసేపటికి ఫోను మోగింది. ఆయనే.

“వచ్చిందా?”

“వచ్చిందండీ.”

“పడుకుని చెప్పు.”

ఫోను చెవికి ఆనించుకునే పడుకున్నాను. నడుం కింద ఆయన అరచెయ్యి ఉన్నట్టే ఉంది.

“ఎలా ఉంది?”

‘చాలా బాగుంది’ అనబోయి ఆగాను.

“నడుముకి హాయిగా ఉంది. వెడల్పే తక్కువైంది.”

అటువైపు కండక్టరు దగ్గు వినిపించింది. ఫోను పెట్టేశారేమోనని చూశాను, పెట్టలేదు.

“కొలత సరిగ్గానే తీశానే,” అన్నారు చివరికి. “ఇక నా బాకీ తీరినట్టేనా?”

“తీరిందండీ,” అన్నాను.