ఇద్దరికి సరిపడా వేణ్ణీళ్లు

ఈ ఉదయం పానకాలరావు గారింట్లో కుళాయి తిప్పితే నీళ్లు రావడం లేదు, చలికాలం వస్తోంది. అది బకెట్టు నిండి, గచ్చు మీద పొర్లి, హాల్లోకి పాకుతోంది. ఆయన పంచె పైకెత్తి కట్టుకుని, దాన్ని తొక్కకుండా నడుస్తున్నారు.

స్నానాలగది తలుపు వెనక నుంచి భార్య దమయంతి పిలుస్తోంది. ఆవిడ పోయి మూడేళ్లయింది. తలకు నూనె పట్టించుకుని లోపల కూర్చుంది.

"ఏవండీ, నీళ్లు కాగాయా? చలేస్తోంది."

"ఇదిగో, ఒక్క క్షణం," అంటారాయన.

పెరట్లో రాగి బాయిలర్ అడుగు చిల్లుపడింది. చిల్లులోంచి చూస్తే పక్కవీధి కనిపిస్తోంది. చలికాలం జానెడు పెరిగినప్పుడల్లా స్నానాలగది ఒక గది దూరం వెనక్కి జరుగుతోంది. కొత్త బాయిలర్ కుదరకపోతే ఆవిడ గొంతు ఇక వినపడదు.

కుదర్చడానికి మరదలు రాజ్యలక్ష్మి వచ్చింది. సంబంధాలు చూడటంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

"కంగారుపడకండి బావగారూ. మూడు సంబంధాలు తెచ్చాను. బజ్జీలు తింటూ నిదానంగా చూసుకోండి."

కరెంటు బాయిలర్ గోడెక్కి కూర్చుంది. గ్యాసుది కిటికీ పక్కన తప్ప కూర్చోనంది. ఎండతో కాగేది మేడమీదే ఉండి, మెట్ల మీంచి తొంగిచూస్తోంది.

ఏం అడగాలో పానకాలరావు గారికి తోచదు. "పాట వచ్చా?" అంటారు.

"చిటికెలో కాగడం వచ్చు," అంది కరెంటుది. "కరెంటు పోయిందా, నన్నేం అడక్కండి."

"గాలాడని గదిలో నన్ను పెట్టకండి," అంది గ్యాసుది. "నిద్రపుచ్చేస్తాను. మళ్లీ లేవరు. ముందే చెబుతున్నా, తర్వాత గొడవలొద్దు."

"మబ్బు పట్టిన రోజు పుట్టింటికెళ్తాను," అంది మెట్ల మీది గొంతు.

మూడు మాటలూ సబబుగానే ఉన్నాయి. అందుకే ఆయనకు ఏమీ తేలడం లేదు.

"అబ్బాయిని మేమూ ఒక మాట అడగొచ్చా?" అంది కరెంటుది. "ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్ణే."

స్నానాలగది చటుక్కున వెనక్కి జరుగుతుంది. దమయంతి దగ్గు సన్నగా వినిపిస్తుంది.

"కాదు, ఇద్దరం."

స్నానాలగది తలుపు మళ్లీ దగ్గరికి జరుగుతుంది. చలికాలం మాత్రం మోకాళ్ల దాకా లేస్తుంది.

"సరిగ్గా చెప్పండి బావగారూ," అంది రాజ్యలక్ష్మి, బజ్జీల వైపే చూస్తూ. "ఒక్కరికైతే చిన్నది, ఇద్దరికైతే పెద్దది. మధ్యలోది ఎవరూ చెయ్యరు."

"ఇద్దరమే. ఆవిడకి గోరువెచ్చగా ఉండాలి. మోచెయ్యి పెట్టి చూసుకుంటుంది."

బాయిలర్లు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి.

"మోచేతి వేడి మా దగ్గర లేదండీ," అంది గ్యాసుది, జాలిగానే. అన్నీ లేచి వెళ్లిపోతాయి. ఎండతో కాగేది మాత్రం పోతూపోతూ మెట్టు మీద గరిటెడు ఎండ వదిలిపెడుతుంది.

"ఇక ఇంటి సంబంధమే. మీరే కాగాలి బావగారూ," అంటుంది రాజ్యలక్ష్మి.

ఆవిడ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, పండగముందు సామాన్లు తోమినట్టు, చింతపండుతో నుదురు తోముతుంది. చర్మం కింద రాగి తళతళలాడుతుంది. భుజాలూ, ఛాతీ తోమి, పసుపు రాసి బొట్టు పెడుతుంది. చెంబుతో చలికాలాన్ని ముంచి ఆయన నడినెత్తిన పోస్తుంది. గరిటెడు ఎండను పొట్టలో సర్దుతుంది. అది అంటుకుంటుంది. నొప్పేమీ లేదు. ఎన్నాళ్లుగానో పీకుతున్న మోకాళ్లకు హాయిగా ఉంది.

గదులన్నీ దాటుకుంటూ ఒక చెయ్యి వస్తుంది, గాజులు గలగలమంటూ. ఆయన ఛాతీ మీద మొలిచిన కుళాయి తిప్పి, ధార కింద మోచెయ్యి పెడుతుంది.

"కాస్త చన్నీళ్లు కలపండి."

ఆయన ఒక పాత వర్షాన్ని తలుచుకుంటారు.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది."

చెంబు చప్పుడు చాలాసేపు వినిపిస్తుంది. తర్వాత, "ఏవండీ, తువ్వాలు."

ఆయనకిప్పుడు చేతుల్లేవు. తన ఆవిరితోనే ఒక తువ్వాలు నేస్తారు. తలుపు సందులోంచి చెయ్యి దాన్ని అందుకుంటుంది. తువ్వాలు కొస ఇంకా ఆయనలోనే ఉంది. ఆవిడ తల తుడుచుకుంటూ లాగినకొద్దీ రాగి పలచబడుతోంది. పీట మీద నుంచి ఆయన కొంచెం కొంచెంగా తలుపు అవతలికి వెళ్తున్నారు.