రేపటిదాకా కదపొద్దు

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు మీద మాకో కార్ డెకార్ షాపుంది. సీటు కవర్లు, ఫిల్ములు, హారన్లు, డ్యాష్‌బోర్డు మీదికి దేవుళ్ళు, ఏది కావాలంటే అది. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా నోరు తెరవగానే "మీది ఆంధ్రానా అక్కా" అంటారు. అననివ్వండి. నాగవల్లికి నోరెక్కువ అని కూడా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకోమని ఓ శుక్రవారం ప్రభాకర్ ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు రాంచందర్‌ను తీస్కొస్తున్న. వాన్ని జూసి మొఖం మార్చకు. వానికి మేం చెప్పలే. లివర్‌ల పుండయింది, మందులకు తగ్గుతది అని చెప్పినం."

రాంచందర్‌కి లివర్ కాన్సర్. ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టండి అని డాక్టరు ప్రభాకర్‌ని పక్కకి పిలిచి చెప్పాడు. ప్రభాకర్ వచ్చి రాంచందర్ భార్య అరుణకి చెప్పాడు. ఇద్దరూ కలిసి అతనికి మాత్రం చెప్పకూడదని ఒట్టేసుకున్నారు. చుట్టాలకి తెలుసు, ఇంటి ఓనరుకి తెలుసు, ఇప్పుడు నాకూ తెలిసింది. పోయే ప్రాణం ఎవరిదో ఆ మనిషికి తప్ప ఊరందరికీ చెప్పుకుంటాం మనం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చిన్నపిల్లాడా వాడు? నలభై దాటినవాడికి ఈ నాటకాలేంటి ప్రభాకర్?" అన్నాను.

"తెలిస్తే బతకడక్కా. ధైర్యం మీదనే నడుస్తున్నడు," అని ఫోన్ పెట్టేశాడు.

వాళ్ళిద్దరిదీ కొండాపూర్ మండలంలో ఒకటే ఊరు, బడిలో ఒకటే బెంచీ. ప్రభాకర్ గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జి. రాంచందర్ ఫైబర్ సామాన్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అచ్చులో ఫైబర్ గుడ్డ పరచడం, రెసిన్ అనే జిగురు పూయడం, మళ్ళీ గుడ్డ పరచడం, లోపల గాలి బుడగ మిగలకుండా అదమడం అతని పని. సెలవు దొరికితే మా షాపుకొచ్చి పగిలిన బంపర్లు అతికేవాడు. అతికాక పగులు ఎక్కడుండేదో నాకే గుర్తుండేది కాదు. నాకు తమ్ముళ్ళు లేరు, వీళ్ళిద్దర్నీ తిట్టుకుంటూ ఆ లోటు తీర్చుకునేదాన్ని.

ప్రభాకర్ ఎలక్ట్రిక్ కారు కొన్నప్పుడు రాంచందర్ దాని చుట్టూ తిరిగి చూసి, "అంత మంచిగనే ఉంది గని, ఎనక బోడిగున్నదిరా. నేనొక రెక్క చేసిస్త," అన్నాడు. రెక్క అంటే స్పాయిలర్, డిక్కీ మూత అంచున ఎత్తుగా నిలబడే పట్టీ. కార్బన్ ఫైబర్‌తో చేస్తానన్నాడు. డిక్కీ మీదనుంచి అచ్చు తీసినప్పుడు మనిషి దిట్టంగానే ఉన్నాడు. గుడ్డ పరిచే నాటికి మంచాన పడ్డాడు. లేచి కాసేపు పనిచేయడం, మళ్ళీ పడుకోవడం. అలాగే పూర్తి చేశాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, స్నిగ్ధ. అందోలు వైపు గురుకులంలో ఏడో తరగతి. అమ్మానాన్నలు వచ్చి చూసుకోవడానికి నెలలో రెండో ఆదివారం ఒక్కటే. "ఈసారి రెక్క కారుల వస్త బిడ్డా, నేనే చేసిన రెక్క," అని రాంచందర్ ఫోన్‌లో చెప్పాడట. ఆ పిల్ల హాస్టలంతా చాటింపు వేసింది. తండ్రి జబ్బు సంగతి ఆ పిల్లకీ చెప్పలేదు. పోనీ ఇంటికి తెచ్చి నాలుగు రోజులు కళ్ళముందు ఉంచండర్రా అంటే, సెలవులు కానప్పుడు పిల్లను తెస్తే వాడికి అనుమానమొస్తుంది అన్నారు.

మర్నాడే రెండో ఆదివారం, అందుకే శనివారం పెట్టుకున్నారు. రెక్కని రెండువైపులా అంటుకునే టేపుతో శనివారం డిక్కీకి అంటిస్తే ఆదివారం పొద్దుటికి టేపు గట్టిగా పట్టుకుంటుంది, కారు రోడ్డెక్కించొచ్చు.

శనివారం కారు ఆగి రాంచందర్ దిగాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. చొక్కా భుజాల మీంచి కిందికి దిగిపోయింది. పొట్ట ఒక్కటే ఉబ్బి ఉంది. నేను ముఖం తిప్పుకుని, "ఏరా, మూడు బంపర్లు మూలన పడున్నాయి, నీ తాత వచ్చి అతుకుతాడా?" అని అరిచాను. అతను నవ్వాడు. ఆ నవ్వు మాత్రం పాతదే.

ప్రభాకర్ దుప్పట్లో చుట్టిన రెక్కని బయటికి తీశాడు. నల్లగా నిగనిగలాడుతోంది, ఎండలో గుడ్డ నేత లోపలినుంచి మెరుస్తోంది. నేను డిక్కీ తుడవడానికి స్పిరిట్ సీసా తెచ్చాను. అప్పుడు అరుణ వెనక సీట్లోంచి దిగి, "ఇయ్యాల శనివారం గదా అన్నా, బండికి కొత్త సామాను ఎక్కియ్యొచ్చా?" అంది.

"అది ఇనుము కాదమ్మా, గుడ్డ! మీ ఆయన్నే అడుగు," అన్నాను.

"ఏదైతేందక్కా, ఎక్కేది బండికేనాయె. ఉన్న పరేషాన్లు సాలవా..." అని నాలుక కరుచుకుంది.

ఆమెని చూస్తే తిట్టబుద్ధి కాలేదు. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. ఏ చిన్న తప్పు చేస్తే మొగుడికి ఏమవుతుందోనని నేల మీద కాలు పెట్టడానికి కూడా భయపడుతున్న మనిషి.

రాంచందర్ ప్రభాకర్ వైపు తిరిగి, "నువ్వేమంటవ్‌రా?" అన్నాడు.

శనివారం గినివారం పట్టించుకునే రకం కాదు ప్రభాకర్. కానీ ఇవాళే కావాలని పట్టుబడితే, ఎందుకురా అంత ఆత్రం అని రాంచందర్ అడుగుతాడు కదా. అందుకని నవ్వేసి, "రేపు జేద్దాం తియ్. తొందరేముంది?" అన్నాడు.

"అవ్, తొందరేముంది," అన్నాడు రాంచందర్. ఆ మాట అంటుంటే అతని ముఖం తేటపడింది. ఇంట్లో పెళ్ళి కబురు విన్నవాడిలా హుషారుగా కారెక్కాడు. నాకెందుకో అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్నే వచ్చారు. ఊపిరి అందక రాంచందర్ మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. అయినా నన్ను సీసా ముట్టుకోనివ్వలేదు. స్టూలు మీద కూర్చుని డిక్కీ అంచంతా స్పిరిట్‌తో తనే తుడిచాడు. మధ్య గీత కొలిచి గుర్తు పెట్టాడు. రెక్క ఎక్కడికి రావాలో అక్కడ కాగితం టేపు అంటించి హద్దులు గీశాడు. చలికాలం కదా, రేకు చల్లగా ఉంటే టేపు పట్టదని వేడిగాలి గన్ను పట్టుకున్నాడు. అది కూడా బరువై చెయ్యి కిందికి వాలిపోతుంటే ప్రభాకర్ మోచేతి కింద చెయ్యి పెట్టాడు. ఇద్దరూ అలా ఒకే చెయ్యిగా డిక్కీ పొడవునా వేడి పట్టించారు. నేను షాపు లోపలికి పోయి, పనేం లేకపోయినా ఒక డబ్బా తీసి మళ్ళీ అక్కడే పెట్టాను.

టేపు మీది ఎర్ర పొర లాగి రెక్కని గుర్తుల మీద కూర్చోబెట్టారు. వెంట్రుక వాసి తేడా రాలేదు.

"ఒత్తురా. నా చేతుల బలం లేదు," అన్నాడు రాంచందర్. ప్రభాకర్ ఈ చివరనుంచి ఆ చివరదాకా బలమంతా పెట్టి ఒత్తాడు. రాంచందర్ రెక్కకి చెవి ఆనించి, వేలితో కొట్టి చూసి, తల ఊపాడు. తర్వాత దూరంగా నిలబడి చాలాసేపు చూసుకున్నాడు.

"మరి పోదామా? స్నిగ్ధ గేటు కాడనే ఉంటది," అన్నాడు.

ప్రభాకర్ నా వైపు చూశాడు. ఇప్పుడే అంటించిన టేపు, మర్నాటిదాకా కారు కదపకూడదు, అది పద్ధతి. కానీ పద్ధతి సంగతి పక్కనపెట్టి, "మెల్లగా పోతే ఏం కాదు, పైన ఇంకో టేపు అడ్డంగా వేస్తాను. ఊడితే మళ్ళీ అంటిద్దాం," అన్నాను.

"వద్దక్కా. వాడింత కష్టపడి చేసింది సగం తొవ్వల ఊడిపడితే?" అన్నాడు ప్రభాకర్. తర్వాత రాంచందర్ భుజం మీద చెయ్యేసి, "నువ్వు ఇయ్యాల జెర అలసినవ్‌రా. రేపు పోదాం. ప్రిన్సిపాల్ మేడంకు నేను ఫోన్ జేసి పర్మిషన్ అడుగుత. పిల్ల యాడికి పోతది? తొందరేముంది?" అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో! ఎంత బాగా నవ్వాడో! నేను నోరు విప్పబోయాను. ప్రభాకర్ కళ్ళతో బతిమాలాడు. మూసుకున్నాను.

"సరే. రేపు," అన్నాడు రాంచందర్. కారు మా షాపు ముందే వదిలేసి వాళ్ళు ఆటోలో ఇస్నాపూర్ ఇంటికి పోయారు. ఆటోలోంచి తల బయటపెట్టి, "రేపటిదాకా కదపొద్దక్కా," అని నాకే జాగ్రత్త చెప్పాడు.

తెల్లారేసరికి అరుణ ఫోన్. నిద్రలోనే పోయాడు.

నేను వెళ్ళేసరికి ప్రభాకర్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "తొందరుందని నాకు తెల్సక్కా. తెల్సి గూడ గట్లన్న," అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. అరుణ ఏడవడం ఆపి అతన్ని చూసింది.

"అన్నా, ఆయనకు తెల్సు," అంది. "మొదట్నుంచి తెల్సు. దావఖాన్ల నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నడట. రాత్రే చెప్పిండు నాకు. ప్రభాకర్‌కు చెప్పకు, నాకు తెల్సని తెలిస్తే వాడు నాతోని నవ్వలేడు అన్నడు."

ప్రభాకర్ తలెత్తలేదు.

"ఇంకేమన్నాడు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"నిన్న పొద్దుగాల లేస్తనే, ఇయ్యాల పిల్లను జూడకుంటే ఇగ జూడనేమో అనిపించిందట. కాలు మొక్కి అయినా తీస్కపొమ్మని అడుగుదామనుకున్నడట. గని అన్న రేపు పోదామన్నడు, శనివారం గూడ రేపనే అన్నడు. డాక్టర్‌తోని మాట్లాడేది అన్ననే గదా, వాడు గింత నిమ్మలంగ ఉన్నడంటే నాకింకా దినాలున్నయే అరుణా అన్నడు. సంబురపడ్డడు. గటక తిన్నడు. పండుకున్నడు."

అబద్ధం చెప్పడం అంత బాగా వచ్చింది ప్రభాకర్‌కి. రాంచందర్ నమ్మాడు. చావు వస్తోందని తెలిసినవాడు కూడా స్నేహితుడి ముఖం చూసి, రాదులే అని నమ్మాడు. నాకు ప్రభాకర్‌ని లేపి చెంప పగలగొట్టాలనిపించింది. దగ్గరికెళ్ళి కూర్చుని, అతని తల నా భుజానికి ఆనించుకుని ఏడ్చాను.

పిల్లని తీసుకురావాలి. మా షాపు ముందున్న కారే ఉంది. నేనూ వస్తానన్నాను, అతన్ని ఒక్కణ్ణే పంపించే స్థితి కాదు. కారు చప్పుడు లేకుండా పోతోంది. సంగారెడ్డి దాటేదాకా నేను వెనక్కి తిరిగి రెక్కనే చూస్తూ కూర్చున్నాను. టేపు బ్రహ్మాండంగా పట్టుకుంది. కాస్తయినా ఊగలేదు.

ప్రిన్సిపాల్‌కి ముందే ఫోన్‌లో చెప్పాం. పిల్లకి మాత్రం, మీ వాళ్ళొస్తున్నారు అని చెప్పిందట. స్నిగ్ధ గేటు లోపలే నిలబడి ఉంది. కారు మలుపు తిరగ్గానే వెనక ఉన్న రెక్క కనిపించి, "వచ్చింది! మా డాడీ కారొచ్చింది!" అని కిటికీల్లో ఉన్న పిల్లలకి వినబడేలా అరిచింది. పరిగెత్తుకొచ్చి ముందు సీటు తలుపు తీసింది. అందులో నేనున్నాను. వెనక సీట్లోకి తొంగిచూసింది.

"డాడీ ఏడి కాకా?"

ప్రభాకర్ దిగి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "డాడీకి జెర పానం బాగలేదు బిడ్డా, అందుకే..." అని మొదలుపెట్టాడు. ఇంటిదాకా అలా తీసుకుపోయి, అక్కడ పడుకోబెట్టి ఉన్న తండ్రిని చూపించడం. మనవాళ్ళు చేసేది అదే.

"ప్రభాకర్, ఇంక చాలు," అన్నాను.

అతను నా వైపు చూశాడు. తర్వాత పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు.

"డాడీ సచ్చిపోయిండు బిడ్డా. తెల్లారంగ."

ఆ పిల్ల ఏడవలేదు. అర్థమైందో లేదో అని నేను భయపడ్డాను. అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది, అక్కడ ఇంకేదో మాట ఉన్నట్టు.

"తెల్లారంగనా?" అంది. "అంటే నిన్న ఉన్నడా?"

"ఉన్నడు."

"నిన్న పొద్దుమూకేదాక నేను గీడనే కూసున్న కాకా," అంది స్నిగ్ధ. "మరి నిన్నెందుకు రాలే?"