రంగు మారిన ద్రావణం

ఆమె ఆ ఫ్యాక్టరీలో కెమిస్టు. పొగగొట్టంలోంచి వెళ్లే పొగను అక్కడ ఒక ద్రావణంలోకి మళ్లిస్తారు. పొగలోని బొగ్గుపులుసు వాయువును ద్రావణం పట్టుకుంటుంది. వేడి చేస్తే వదిలేస్తుంది. ఆ గ్యాసును హైడ్రోజన్‌తో కలిపి మిథనాల్ తయారుచేస్తారు.

"పొగ తాగొద్దని మీ అత్త నన్ను తిడుతుంది. ఇక్కడ ఫ్యాక్టరీయే తాగుతోంది, దాన్నెవరూ ఏమీ అనరు," అనేవాడు ఆమె మేనమామ. ఆయన అక్కడే పంపుల మెకానిక్కు. ఆమెకు ఉద్యోగం చెప్పి పెట్టించిందీ ఆయనే.

లేత పసుపుగా ఉండాల్సిన ద్రావణం ఆ వారం తుప్పునీళ్లలా ముదరసాగింది. సోమవారం పరీక్షలో ఇనుము మామూలుకు రెండింతలుంది. గురువారానికి అయిదింతలైంది. అందులో ఇనుము ఎవరూ కలపరు. పైపులే లోపల్నించి కరుగుతున్నాయన్నమాట.

మేనేజరుకు చెప్పింది. పందొమ్మిది రోజుల్లో ఎలాగూ మరమ్మతులకు ఆపుతాం కదా, అందాకా ఓ కన్నేసి ఉంచమన్నాడాయన. పరీక్షలో పొరపాటు జరిగిందేమో చూసుకోమన్నాడు మామయ్య. మూడుసార్లు చేసింది. అంకె తగ్గలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి గ్యాసు పైపులో ఒత్తిడి మెల్లగా పడిపోవడం మొదలైంది. వాల్వులుండే గోతిలో చూసొస్తానని మామయ్య స్పానర్ పట్టుకుని బయల్దేరాడు. ఆ గొయ్యి రెండు నిలువుల లోతు. రోజూ దిగేదే. గ్యాసుకు రంగూ వాసనా ఉండవు. గాలికన్నా బరువు కాబట్టి నీళ్లలా అడుగున నిలుస్తుంది. ఈ సంగతి అందరికీ తెలిసిందే.

నమూనా సీసాతో ఆమె గోతి అంచుకు వచ్చేసరికి ఆయన నిచ్చెన సగం దిగాడు. అడుగున ఓ బల్లి వెల్లకిలా పడి ఉంది. పక్కనే రెండు పిచ్చుకలు.

"మామయ్యా, ఆగు."

అప్పటికే కాలు నేలకు ఆనింది. ఏదో చెప్పబోతున్నట్టు తలెత్తాడు. నిద్ర ముంచుకొచ్చినవాడిలా గోడకు జారగిలబడ్డాడు.

పక్కనున్న వెల్డరు నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఆమె అతని కాలరు పట్టుకుంది.

"వదులు. ఆయన పోతాడు."

"నువ్వూ దిగితే ఇద్దరు పోతారు. గాలి సిలిండరు, మాస్కు తీసుకురా."

"ఆయన నీ మేనమామ!"

"తెలుసు. పరిగెత్తు."

గోడకున్న ఎర్ర బటన్ నొక్కి ప్లాంటు ఆపేసింది. వెల్డరు తిరిగి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మామయ్య ఛాతీ కదులుతోందో లేదో పైనుంచి తెలియడం లేదు. రెండుసార్లు ఆమె కాళ్లు వాటంతటవే నిచ్చెన వైపు నడిచాయి. చివరికి కూలబడి, గోతి చుట్టూ ఉన్న ఇనుప కమ్మీలను రెండు చేతులతో వాటేసుకుంది.

వెల్డరు మాస్కు పెట్టుకుని దిగి, తాడు కట్టి ఆయన్ని పైకి పంపాడు. ఊపిరుంది. మూడో రోజు ఆసుపత్రిలో కళ్లు తెరిచి భార్యను గుర్తుపట్టాడు. మేనకోడలి పేరు గుర్తురావడానికి సాయంత్రమైంది. "నువ్వెందుకు దిగలేదే?" అని అడిగాడు. ఆమె చెప్పింది. సరేనన్నట్టు తలూపాడు. మర్నాడు మళ్లీ అదే అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. అత్త తల తిప్పుకుంది.

పైపు కోసి చూస్తే గోడ కాగితమంత పలచగా ఉంది. అదే రకం ఇనుప పైపులతో కట్టిన ఫ్యాక్టరీ మరొకటుందని మేనేజరు చెప్పాడు. అక్కడి కెమిస్టుకు ఆమే ఫోన్ చేసింది.

"మా దగ్గర రంగు మారి పదిహేను రోజులైందండీ," అన్నాడతను. "ఆపమంటే ఎవరు వింటారు?"

అతని మాటల వెనక పంపులు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.