తెర చాటు స్వామి

నేను ఒక బొంతను. ముప్పై రెండు మధ్యాహ్నాలు కుడితే పుట్టాను. పైన పాత టీషర్టు ముక్కలు, లోపల, అడుగున పాత నూలు చీరలు. టీషర్టు గుడ్డ ఎటు లాగితే అటు సాగుతుంది. నూలు గుడ్డ తన మాట తప్ప వినదు. రెంటినీ ఒక్క కుట్టులో నిలబెట్టడానికి చాలా ఓర్పు కావాలి. నన్ను కుట్టిన గౌరికి అది అలవాటే. అత్తగారు సింహాచలమ్మతో పదిహేనేళ్లుగా వేగుతోంది.

అసలు నన్ను కుట్టింది ఆవిడ కోసమే. చలికాలం వచ్చిందంటే ముసలావిడ దగ్గు వీధి చివరికి వినపడుతుంది. ఛాతీకి వెచ్చగా ఉండాలి, చుట్ట మానాలి అన్నాడు డాక్టరు. మొదటిది గౌరి పని. రెండోది దేవుడు కూడా చేయించలేడని అందరూ అనుకున్నారు.

నా టీషర్టులన్నీ గౌరి భర్త పైడిరాజువి. అతనికి స్కూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఆ టీషర్టుల్లో ఒకటి హనుమజ్జయంతికి వీధి కుర్రాళ్లు పంచిన కాషాయం రంగుది. దానిమీద ఆంజనేయస్వామి బొమ్మ. గౌరి భక్తిగా ఆ ముక్కను తలవైపు పెట్టి కుట్టింది. నన్ను మంచంమీద పరవగానే సింహాచలమ్మ గుండె బాదుకుంది.

"ఒలమ్మో! సామిని బొంతకి కుట్టీసినావేటే?"

"తలకాడే ఎట్టినాను గదత్తా."

"నాను దగ్గితే తుంపర్లు సామి మొకానే గదా పడతాయి!"

"అయితే మజ్జిన కుడతాను."

"నా పొట్టమీద కూకోబెడతావేటి సామిని?"

కాళ్లవైపు సంగతి ఇద్దరూ ఎత్తనే లేదు.

"మీ అబ్బాయి అయిదేళ్లు గ్రీజు సేతులు ఆ బొమ్మకే తుడుసుకున్నాడత్తా. అప్పుడేటీ అన్లేదు."

"అది సొక్కా. ఇది బొంత."

ఆ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పోనీ ఆ ముక్క కోసేద్దామంటే, స్వామికి కత్తెర తగిలిస్తావా అని ఇంకో గోల. చుట్టూ కత్తిరించాకే గదా ఆయన నాలోకి వచ్చింది!

మూడు రోజులు నన్ను మడిచి పెట్టెమీద పడేశారు. ముసలావిడ పలచని దుప్పటి కింద దగ్గుతూనే ఉంది. పట్టుదల ఆవిడది, నిద్ర లేనిది ఇల్లంతటికీ.

నాలుగో రోజు గౌరి గుడికి వెళ్లొచ్చి నన్ను మళ్లీ ఒళ్లో వేసుకుంది.

"నైవేద్యం ఎట్టినప్పుడు గుళ్లో సామికి తెర ఎయ్యరేటత్తా?"

గౌరి, పోయిన మామగారి తెల్ల పంచెలోంచి ఒక ముక్క కోసి స్వామిమీద తెరలా వేసింది. మూడు పక్కలా కుట్టి, దణ్ణం పెట్టుకోవడానికి పైపక్క వదిలేసింది. భర్త పంచె కనబడగానే ముసలావిడ గొంతు తగ్గింది. నన్ను మెడదాకా లాక్కుంది.

అక్కడే గౌరి ఒక పొరపాటు చేసింది. మూడు పక్కలా కుట్టి ఒక పక్క వదిలితే మనుషులు దాన్ని జేబు అంటారు. వారం తిరక్కుండా ఆ తెర చాటున స్వామితో పాటు రెండు చుట్టలు కాపురం పెట్టాయి. ఆవిడ రోజూ తెరలో చెయ్యి పెట్టి చాలాసేపు దణ్ణం పెట్టుకునేది. అత్తకు భక్తి పెరిగిందని గౌరి మురిసిపోయింది. నేను నోరు లేనిదాన్ని. స్వామి కూడా ఎందుకో ఊరుకున్నాడు.

నన్ను ఉతికే రోజున గౌరి చేతికి చుట్టలు తగిలాయి. ఇక ఇల్లు పీకి పందిరి వేస్తుందనుకున్నాను. గౌరి వాటిని తీసి కొంగున ముడేసుకుంది. నన్ను ఉతికి, ఎండబెట్టి, మడిచే ముందు తెరలో ఏదో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సింహాచలమ్మ అటూ ఇటూ చూసి తెరలో చెయ్యి పెట్టింది. కరక్కాయ ముక్కలు వచ్చాయి. దగ్గుకు బుగ్గన పెట్టుకునేవి. అరచేతిలో వాటిని చాలాసేపు చూసింది. తర్వాత తెర కొంచెం ఎత్తి లోపలికి తొంగి చూసింది.

"ఏటి సామీ, నువ్వూ కోడలి పచ్చమేనేటి?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

ముసలావిడ ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, తెర సర్ది, నన్ను మెడదాకా కప్పుకుంది. కాసేపటికి దగ్గు వచ్చింది. ఒక్కసారే.