రెండో డ్రైవరు పేరు

మామూలు కడుపుమంటకైతే మందుల షాపులో మాత్ర దొరుకుతుంది. పెద్ద కోడలిది ఆ రకం కాదు. తోడికోడలు ఇంట్లో కాలు పెట్టిన నాడు రాజుకుంది, ఏళ్ళు గడిచినా చల్లారలేదు.

మరి మండదా? బజారుకి వెళ్ళాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా, అత్తగారి నోట ఒకటే మాట: "చిన్నదాన్ని పిలవండి, కారు తీస్తుంది." లైసెన్సు పెద్ద కోడలికీ ఉంది. మూడోసారికి పాసైంది. ఇంట్లో వాళ్ళకి ఆ మొదటి రెండుసార్లే గుర్తు.

ఇప్పుడు అత్తగారి అక్కకి దేశ సరిహద్దు అవతలి ఊళ్ళో గుండె ఆపరేషను. తెల్లారితే లోపలికి తీసుకెళ్తారు, ఆలోగా అక్కని చూడాలని అత్తగారి ఆరాటం. మరిదికి సెలవు దొరకలేదు. మిగిలిన నలుగురూ ముందురోజు పొద్దున్నే కారు అద్దెకిచ్చే ఆఫీసుకి వెళ్ళారు.

"సరిహద్దు దాటడానికి వేరే ఛార్జీ అండీ. అవతల చెల్లే ఇన్సూరెన్సుకి వేరే. రెండో డ్రైవరుంటే దానికీ ఛార్జీ," అంది కౌంటరు అమ్మాయి. "కాగితంలో పేరు లేనివాళ్ళు స్టీరింగు పట్టుకుంటే మాత్రం ఇన్సూరెన్సు చెల్లదు. ఏం జరిగినా మొత్తం మీ నెత్తినే."

భర్త ఒక్కో ఛార్జీకి ఒక్కో గుటక వేశాడు. "రెండో పేరు ఒక్కటి చాలు. మరదలిది రాయించు," అని చిన్న కోడలి లైసెన్సు భార్య చేతిలో పెట్టి, కారు మీదున్న గీతలకి ఫొటోలు తీయడానికి బయటికి వెళ్ళాడు.

మరదలి పేరట! కట్టుకున్న పెళ్ళాం ఎదురుగా నిలువెత్తున నిలబడి ఉంటే కళ్ళకి ఆనలేదు కాబోలు! పెద్ద కోడలికి ఒళ్ళు మండిపోయింది. తోడికోడలి కార్డు సంచిలో పడేసి, తన కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. కొత్త కార్డు, తళతళలాడుతోంది. వాడితే గదా మాసేది. దారంతా ఆయనే నడుపుతాడు, ఎవరికి తెలుస్తుంది? కాగితం మీద తన పేరుంటే చాలు, అంతకంటే ఆమె ఏమీ కోరలేదు.

సరిహద్దు దాకా అంతా బాగానే జరిగింది. అక్కడ తనిఖీ కోసం సామాను దింపారు. మళ్ళీ ఎక్కించేటప్పుడు అత్తగారి పెట్టె ఎత్తబోయి భర్త "అమ్మో!" అని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది. ఎలాగో వెనక సీట్లో చేరి, తాళాలు మరదలికి అందించాడు.

చిన్న కోడలు అప్పుడే అద్దం సర్దుకుంటోంది. పెద్ద కోడలికి కాగితం మీది పేరు గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే? దీన్నే నడపనిస్తే? ఎక్కడో ఓ చోట గుద్దితే బాగుండు, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి దీని గొప్ప! ఆ మాట మనసులో అనుకున్నాక, వెనక కూర్చున్నదెవరో చూసి ఆమెకే భయమేసింది.

"దిగు. నేను నడుపుతా."

"ఇప్పుడా నీ పంతాలు?" అత్తగారు గయ్యిమంది. "అక్కడ మా అక్క ప్రాణం మీదికొస్తుంటే!"

"పంతం కాదత్తయ్యా. కాగితంలో ఉన్నది నా పేరు. చిన్నదాని పేరు నేను రాయించలేదు."

"ఎందుకూ?" అన్నాడు భర్త మూలుగుతూనే.

"కుళ్ళుకుని."

చిన్న కోడలు దిగి పక్క సీట్లోకి మారింది.

అవతలి దేశంలో బళ్ళన్నీ రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. పెద్ద కోడలు అలవాటుకొద్దీ ఎడమకే తిప్పుతోంది. "కుడికక్కా... ఇంకా కుడికి... ఆ లారీని పోనీ," అని చిన్న కోడలు మెల్లగా చెబుతూనే ఉంది. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. వెనక అత్తగారు మొక్కని దేవుడు లేడు. దీపాలు పెట్టే వేళకి ఆసుపత్రి చేరారు.

గదిలో అత్తగారు అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. "మా పెద్ద కోడలే నడుపుకుంటూ తీసుకొచ్చింది! ఎంత ధైర్యమనుకున్నావ్!"

ఈ ఒక్క మాట కోసమే గదా ఇన్నేళ్ళూ ముఖం వాచిపోయింది! పెద్ద కోడలు గర్వంగా గుమ్మం వైపు చూసింది. అక్కడ సామానుతో నిలబడ్డ చిన్న కోడలి పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్ళు నవ్వడంలేదు. ఆ ముఖం ఆమెకి బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసుకునేదే.

వరండాలోకి వెళ్ళి అద్దె ఆఫీసుకి ఫోను చేసింది. తిరిగొచ్చి సంచిలోంచి తోడికోడలి కార్డు తీసిచ్చింది.

"ఎంత ఛార్జీ అయినా ఇస్తానన్నాను. సరిహద్దు దాటాక పేరు చేర్చడం కుదరదట."

"అంటే తిరిగి వెళ్ళేటప్పుడూ నువ్వేనా?"

"నేనే."

చిన్న కోడలు కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇంట్లో వంటకి నిన్నే అడుగుతారు, ఖర్చుకి నిన్నే అడుగుతారు, మంచికీ చెడ్డకీ నిన్నే అడుగుతారు. నన్ను ఒక్క కారుకే గదక్కా పిలిచేది?"



లోపలినుంచి అత్తగారి గొంతు వినిపించింది. "మందులేవో తేవాలట. పెద్దదాన్ని పిలవండి, కారు తీస్తుంది."