మద్దమ్మ వానతాడు

పెళ్లయి నలభై రోజులు. శ్రీవిద్యకు లోకంలో ప్రతిదీ ముద్దొస్తోంది. బస్సు కిటికీ అద్దం గలగలలాడటం ముద్దు. తెల్లారే లేచి మొగుడు ప్రదీప్‌కుమార్ చెయ్యి కాల్చుకుని మరీ చేసి డబ్బాలో పెట్టిన బొరుగుల ఉగ్గాని ముద్దు, అందులో ఉప్పెక్కువవడం మరీ ముద్దు. పత్తికొండలో బస్సు దిగి, టమాటా గంపల మధ్య ఇరుక్కుని ఆటోలో గుండ్లవంక చేరేసరికి, చేతి గోరింటాకు ఎండలో ఇంకా ఎర్రగా కనిపిస్తోందని దానికీ మురిసిపోయింది.

2006 వేసవి అది. విశ్వవిద్యాలయంలో మూడు శాఖలు కలిసి, వాతావరణం మారడం వల్ల ఎవరికి ఎక్కువ అన్యాయం జరుగుతోందో తేల్చే పరిశోధన మొదలుపెట్టాయి. శ్రీవిద్య అందులో సహాయకురాలు. ఊళ్లు తిరిగి వివరాలు తేవడం ఆమె పని.

గుండ్లవంకలో ఆమె వెళ్లింది మద్దమ్మ అనే ముసలి రైతు ఇంటికి. అక్కడ వాసానికి ఒక నూలుతాడు వేలాడుతోంది. వాన వెలిసినప్పుడల్లా మద్దమ్మ చేలోకి పోయి నేల తవ్వి చూస్తుంది. జానెడు లోతు తడిస్తేనే ఒక ముడి. ఏడాదికీ ఏడాదికీ మధ్య ఒక ఎర్రపోగు. అలా తొమ్మిదేళ్ల వానలు ఆ తాడులో ఉన్నాయి.

"మండలాఫీసులో వాన కొలిచే డబ్బా ఉండాది. ఆడ పడితే మా ఊర్లో పడినట్లేనంట," అంది మద్దమ్మ. "ఆడికీ ఈడికీ ఆరు కోసుల దూరం. మబ్బుకు ఆ సంగతి తెలుసునా పాపా?"

ఆ డబ్బా పుణ్యమా అని గుండ్లవంక కరువు జాబితాలోకి రావడం లేదు. వస్తే నీళ్ల ట్యాంకరొస్తుంది, గొడ్లకు గడ్డొస్తుంది. ఈసారీ రాకపోతే ఎద్దుల్ని అమ్ముకోవాల్సిందేనని మద్దమ్మ మొగుడు లక్ష్మన్న అప్పటికే అంటున్నాడు.

"ఈ పరిశోధన మీద మేం వేసే పుస్తకాన్ని కలెక్టరాఫీసు వాళ్లు చూస్తారవ్వా. ఈ తాడు అందులో పడితే ఇంకెవరూ కాదనలేరు," అంది శ్రీవిద్య ఉత్సాహంగా.

మద్దమ్మ తాడు విప్పి ఆమె చేతిలో పెట్టింది. "దీన్ని సూసే తీరు సెప్తా, ఇను. ఈ కొస ఉండాదే..."

ఫోను మోగింది. ప్రదీప్. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందదు. శ్రీవిద్య ఒక్క ఉరుకున ఎదురుగా ఉన్న తిప్ప ఎక్కింది. ఉగ్గానిలో ఉప్పు సరిపోయిందా అని అడగడానికి చేశాడట! నవ్వి నవ్వి దిగేసరికి ఆటో వచ్చేసింది.

"పో పో, కొత్త మొగుడు ఎదురుసూస్తాంటాడు," అని మద్దమ్మ కూడా నవ్వింది.

శాఖలో వాతావరణ శాస్త్రం ఆచార్యుడు రాఘవేంద్రప్రసాద్ తాడును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "ఏంటమ్మా ఇది, మొలతాడా? దీన్ని డేటా అంటారా?"

"అది ప్రజల జ్ఞానం ప్రసాద్ గారూ," అంది సమాజశాస్త్రం చెప్పే పద్మప్రియ.

"అయితే మీ అధ్యాయంలోనే పెట్టుకోండి."

శ్రీవిద్య తాడును తెల్లటి అట్టకు జిగురుతో అతికించింది. పక్కన పాత ఏటితో మొదలుపెట్టి పైనుంచి కిందికి వరసగా ఏళ్లు వేసింది. పైన మూడు ముడులు, తర్వాత నాలుగు, అలా పెరుగుతూ అడుగున పదకొండు. అవ్వ వానల్లేవంది కదా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. గేటు దగ్గర స్కూటరు హారన్ మోగింది. ప్రదీప్ మల్లెపూలు తెచ్చానన్నాడు. అనుమానం అట్ట మీదే ఉండిపోయింది.

మర్నాడు రాఘవేంద్రప్రసాద్ అట్ట ముందు ఆగిపోయాడు. "మండలాఫీసు లెక్కతో అచ్చంగా సరిపోతోందే!" అన్నాడు. ఆ పూటతో మొలతాడు డేటా అయిపోయింది. గ్రాఫు ఎక్కింది. ఆర్థికశాస్త్రం వాళ్లు రెండు పట్టికలిచ్చి సంతకం పెట్టారు. పుస్తకంలో ఫొటో కింద మద్దమ్మ పేరు చూసుకుని శ్రీవిద్య పొంగిపోయింది.

నవంబరులో పుస్తకమూ, మిఠాయి పొట్లమూ పట్టుకుని గుండ్లవంక వెళ్లింది. ఎద్దుల కొట్టం ఖాళీగా ఉంది.

"ఎద్దులేవి తాతా?"

"సంతకు పాయ," అన్నాడు లక్ష్మన్న.

"లిస్టులో ఊరు రాలేదా?"

"యాడొస్తాది తల్లీ? ఆఫీసులో మీ బుక్కే సూపిచ్చిరి. మీ ఊరి ముసిల్ది ఏసిన ముడులే సెప్తాండాయి, మీకు ఏడాదికేడాది వానలు పెరుగుతాండాయి, ఇంకేం కావాలప్పా అని నగిరి."

మద్దమ్మ పుస్తకం అందుకుంది. ఫొటోను కాసేపు చూసి, పుస్తకాన్ని తలకిందులు చేసి పట్టుకుంది.

"ఇట్ల సూడాల పాపా. కొత్తపోగు పైన కలిపి వాసానికి కడతా. బాయిలో నీళ్లు దిగేకొద్దీ మోకుకు పైన అతుకేస్తామే, అట్ల. ముందు దిగింది అడుగునుంటాది."

"ఆ రోజే చెప్పుంటే..." అనేసి శ్రీవిద్య నాలుక కరుచుకుంది.

"సెప్తాంటి. నీకు ఫోనొచ్చె."

మర్నాడు ఆమె ఆచార్యుల గదులన్నీ తిరిగింది. "సదస్సులో చదివేశాం. ఇప్పుడు తలకిందులంటే నలుగురూ నవ్వరా?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "అయినా తాడు డేటా కాదని నేను ముందే అన్నానుగా." లెక్క తమ శాఖది కాదు, ఫొటో మటుకే తమదంది పద్మప్రియ. ఆర్థికశాస్త్రం గదికి తాళం వేసి ఉంది.

శ్రీవిద్య అట్ట మీంచి తాడు ఊడదీసింది. పదకొండు ముడుల కొస జిగురు వదల్లేదు, తెగి అక్కడే ఉండిపోయింది.

మిగిలిన తాడు తీసుకెళ్లి ఇస్తే మద్దమ్మ తడిమి చూసుకుంది. "వాన బాగా పడిన ఏడాదే పాయనా," అని వాసానికి కట్టింది. పైన ఎర్రపోగు. తాడు ఇవ్వక ముందు, ఉగాది నాడు వేసింది. దాని మీద ఒక్క ముడీ లేదు.

శ్రీవిద్య చేతిలో ఫోను ఒకసారి మోగి, సిగ్నల్ అందక ఆగిపోయింది. తెర మీద ప్రదీప్ పేరు. ఆమె కదల్లేదు.

"పో పాపా," అంది మద్దమ్మ. "తిప్ప మీదైతే బాగా ఇనపడతాది."