ఊపిరి కొలిచే గొట్టం

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. ఒక చివర నోరు పెట్టి ఊదితే నా మీదున్న ముల్లు పైకి జరుగుతుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ: అది ఎక్కడ ఆగితే ఊపిరి అంత. బ్యాటరీ లేదు, తెలివి అసలే లేదు. ఫ్యాక్టరీలో నాలోకి మొదట ఊదింది ఒక యంత్రం. పాపం, దానికి నన్ను మోసం చేయాల్సిన అవసరం లేదు. మనుషుల సంగతి గుంటూరు వచ్చాకే తెలిసింది.

అక్కడ ఆస్తమా ఉన్న దీవెన అనే పదో తరగతి పిల్లకి డాక్టరమ్మ నన్నిచ్చి, రోజూ పొద్దున్నే ఊదమంది. దీవెన కబడ్డీ ఆడుతుంది. కూత తెగకుండా అవతలి జట్టు బరిలోకి వెళ్లి రావడమే ఆ పిల్లకి లోకం. ముల్లు ఆకుపచ్చలో ఉంటేనే జిల్లా జట్టు ఎంపికకి తీసుకెళ్తానని పీఈటీ మేడం కచ్చితంగా చెప్పేసింది.

వారం తిరక్కుండానే పిల్ల కిటుకు పట్టేసింది. గుండెల్లోంచి కాకుండా, చింతగింజ ఉమ్మినట్టు నాలుకతో తుప్పున ఊదితే ముల్లు ఎగిరి ఆకుపచ్చలో పడుతుంది. నాకు ఒళ్లు మండేది. కానీ ఆ గాలి ఎక్కడిదని నిలదీసే దారి నాకు లేదు.

వాళ్లమ్మ ఎస్తేరు మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది. ఇదివరకు ఘాటు ఇంట్లోకి రాకూడదని బయటే చీర మార్చుకుని వచ్చేది. రోజూ ఆకుపచ్చ చూశాక ఆ జాగ్రత్త మానేసింది. దాంతో పిల్లకి దగ్గు పెరిగింది. ముల్లు మాత్రం కిందికి దిగలేదు.

ఎంపిక రోజు పొద్దున దీవెన ఊదగానే ఎస్తేరు ముఖం వెలిగిపోయింది.

"యార్డులో అందరికీ చెప్పానే, మా పిల్ల ఊపిరి బాగుపడిందని."

దీవెన ముల్లుని మళ్లీ అడుక్కి దించింది. తర్వాత నిండా గాలి పీల్చి, ఈసారి గుండెల్లోంచి ఊదింది. ముల్లు పసుపులోనే చతికిలబడింది.

"ఇదేనమ్మా నాది. ఇన్నాళ్లూ నాలుకతో ఊదా."

ఎస్తేరు తిట్టలేదు, నమ్మనూ లేదు. గొట్టమే పాడైందని నా మీద పడింది. నన్ను కడిగి, ఎలా ఊదాలో కూతుర్నే అడిగి, ఉన్న సత్తువంతా పెట్టి ఊదింది. ముల్లు ఎరుపు దాటలేదు.

"నాకు ఊదటం చాతకాలేదులే," అని నవ్వేసింది.

దీవెన నవ్వలేదు. దొంగ ఊదుడు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో తనకంటే తెలిసినవాళ్లు లేరు. అమ్మది అసలైన ఊదుడు. కూతురి దాకా రానీయకుండా ఆపిన ఘాటంతా ఏళ్ల తరబడి పీల్చింది ఆవిడే కదా. అబద్ధమంటే మండిపడే నాకు, ఆ ముల్లుని కాస్త పైకి నెట్టాలనిపించింది.

మైదానానికి వెళ్లాల్సిన పిల్ల, అమ్మ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిచింది. డాక్టరమ్మ అలవాటుగా స్టెతస్కోపు అందుకుని దగ్గరికి రమ్మంటే, దీవెన వెనక్కి జరిగి నన్ను బల్లమీద పెట్టింది.

"ముందు మా అమ్మని చూడండి మేడం."